పోర్-మార్లీ వరద: సిస్లీ చిత్రం, సిస్లీ జీవితం

చిత్రకళను గూర్చి వ్రాసేవారు సాధారణంగా దేవతల పటాలను, రాజుల పటాలను, మహాయుద్ధాల పటాలను ఎన్నుకొంటారు. ఈ ఉగాది సంచికకు మేము ఎన్నుకొన్నది అటువంటి పటం కాదు. ఫ్రాన్సు దేశంలో ఒక చిన్న ఊళ్లో ఏరు పొంగి నీళ్లు వీధిలోకి వచ్చినప్పుడు, ఆ వీధిలోని ఒక ద్రాక్షసారా అంగడి ఎట్లా ఉన్నదో చూపే తైలవర్ణ చిత్రం అది. 60 సెంటీమీటర్ల ఎత్తు, 81 సెంటీమీటర్ల వెడల్పు. ఒక మనిషి చంకన పెట్టుకొని పోగలిగినంత పటం. పేరు ‘పోర్-మార్లీలో వరద’. వేసిన సంవత్సరం 1876. వేసినవాడు ఆల్ఫ్రెడ్ సిస్లీ. నేడది పారిస్ నగరంలోని ఓర్సే చిత్రశాల సొత్తు.

ఈ పటం మొదట 180 ఫ్రాంకులకు అమ్ముడుపోయింది. చిత్రకారుడు చనిపోయిన మరుసటి ఏడు, అనగా 1900 మార్చిలో, వేలంపాటలో దీనినే 43,000 ఫ్రాంకులకు కొన్నారు. బ్రతికుండగా చేటెడు, చచ్చిన తరువాత గాదెడు అన్నట్లు సాగిన ఈ ధరల కథ కళాచరిత్రలో క్రొత్తది కాదు. అదొక్కటే అయితే మేమింత వ్రాయనక్కరలేదు. సిస్లీ పారిస్‌లో పుట్టాడు, ఫ్రాన్సులోనే కన్నుమూశాడు. ఆయన వేసిన 900 దాకా తైలవర్ణ చిత్రాలలో అత్యధిక భాగం ఫ్రాన్సు నదులను, దారులను, పల్లెలను చూపేవే. అయినప్పటికీ కాగితాలమీద ఆయన చనిపోయేవరకు పరదేశీయుడే. తాతల కాలంలో పొట్ట చేతపట్టుకొని వచ్చి, పరభాషల నడుమ ఇండ్లు కట్టుకొని స్థిరపడిన మన కుటుంబాలకు ఈ కథలోని కష్టం వేరే వివరించనక్కరలేదు.

సిస్లీ 1839 అక్టోబరు 30వ తేదీన జన్మించాడు. తలిదండ్రులు ఇంగ్లీషువారు. తండ్రి విలియం వర్తకంలో బాగా గడించి, పారిస్‌లో కాపురముండేవాడు. కొడుకు కూడా వ్యాపారంలో పైకి రావలెనని 1857లో అతనిని లండనుకు పంపాడు. కుర్రవాడు అక్కడ నాలుగేండ్లు ఉన్నాడు. లెక్కల పుస్తకాలు అతనికి పట్టుబడలేదు గాని, కాన్‌స్టేబుల్, టర్నర్ అనే మహాచిత్రకారుల పటాలు మాత్రం మనస్సుకు పట్టుకొన్నవి. మేఘాలను, తడి గాలిని, వెలుగు మార్పులను చిత్రానికి ప్రధాన వస్తువులుగా చేసినవారు ఆ ఇద్దరు. సిస్లీ పారిస్‌కు తిరిగి వచ్చి, వర్తకం తనవల్ల కాదని చెప్పి, 1862లో గ్లేర్ అనే గురువు చిత్రశాలలో చేరాడు.

ఆ చిత్రశాలలోనే ఆయనకు మోనే, రెన్వార్, బజీల్ అనే ముగ్గురు మిత్రులు దొరికారు. నలుగురూ ఇరవైలలో ఉన్నవారు. గదిలో కూర్చొని పాతవారి పటాలు చూచి గీయడం వారికి రుచించలేదు. రైలెక్కి ఫాంతెన్‌బ్లో అడవికి పోయి, చెట్లక్రింద ఈజెలు నిలబెట్టి, కంటికి కనిపించినది కనిపించినట్లు వేయడం మొదలుపెట్టారు. తండ్రి డబ్బు పంపుతుండేవాడు గనుక సిస్లీకి అప్పట్లో కూటికి లోటు లేదు. ప్రభుత్వ ఆదరణలో ఏటేటా జరిగే ‘సలోన్’ అనే పెద్ద ప్రదర్శనలో 1866, 1868, 1870 సంవత్సరాలలో ఆయన చిత్రాలకు చోటు దొరికింది; 1867లో దొరకలేదు. ఇంతలో యూజెనీ లెస్కువెజెక్ అనే ఆమెతో కాపురం పెట్టాడు. కొడుకు పియేర్, కూతురు జాన్ పుట్టారు.

1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం వచ్చింది. ఆ యుద్ధం నలుగురు మిత్రులను నాలుగు దిక్కులకు త్రోసింది. బజీల్ సైన్యంలో చేరి ఆ ఏటి నవంబరులోనే చనిపోయాడు. మోనే లండనుకు పోయి తలదాచుకొన్నాడు. బూజివాల్‌లో సిస్లీ ఉంటున్న ఇల్లు ప్రష్యా సైనికుల చేతబడి, అందులోని సామాను, చిత్రాలు పోయాయి. తండ్రి వర్తకం కూలిపోయింది. ముప్పై రెండో ఏట చేరేనాటికి సిస్లీ చేతిలో ఉన్న ఆస్తి కుంచెలు, రంగులు మాత్రమే. సరదాకు వేసేవాడు కాస్తా పొట్టకు వేసేవాడయినాడు. కాని డబ్బు వచ్చే మార్గమైన ధనవంతుల రూపచిత్రాలవైపు ఆయన పోలేదు. నదులు, మంచు, వంతెనలు, ఊరి వీధులు, వీటినే నమ్ముకొన్నాడు.

ఈ మిత్రబృందం పద్ధతిని గూర్చి రెండు మాటలు చెప్పవలె. అంతకు పూర్వం ప్రకృతి దృశ్యాలు వేసేవారు బయట చిన్న చిన్న నమూనాలు గీసికొని, అసలు చిత్రాన్ని ఇంటిలో నెలల తరబడి పూర్తిచేసేవారు. రంగులు నూరి కలుపుకోవడమే ఒక పెద్ద పని. 1841లో రంగును రేకు గొట్టాలలో నింపి మూత బిగించే పద్ధతిని జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు కనిపెట్టాడు. దానితో రంగులపెట్టె చేతపట్టుకొని పొలాలవెంబడి పోవడం సులువయింది. రైళ్లు వచ్చి పారిస్ చుట్టుప్రక్కల ఊళ్లను పూటప్రయాణంలోకి తెచ్చాయి. బయట నిలబడి వేసేవానికి ఎక్కువ వ్యవధి ఉండదు. సూర్యుడు ఆగడు, మబ్బు ఆగదు. అందుచేత వారు రంగులను నున్నగా కలిపి పూయడం మాని, చిన్న చిన్న కుంచె దెబ్బలతో ప్రక్కప్రక్కన పెట్టారు. నీడలు నల్లగా ఉండవని, వాటిలో నీలమూ ఊదా ఉంటవని గ్రహించి అట్లాగే వేశారు. దగ్గరనుండి చూస్తే అవి గీతలూ మరకలూ; నాలుగడుగులు వెనుకకు వచ్చి చూస్తే అదే నీరు, అదే గాలి.

సలోన్ పెద్దలకు ఇది అసంపూర్తి పనిగా కనిపించింది. దానితో వీరంతా సొంతంగా సంఘం పెట్టుకొని 1874 ఏప్రిల్ 15న పారిస్‌లో, నాదార్ అనే ఛాయాగ్రాహకుడు అంతకుముందు వాడిన గదులలో, ప్రదర్శన తెరచారు. ముప్పైమంది దాకా పాల్గొన్నారు. మోనే వేసిన ఒక ఓడరేవు పటానికి ‘ఇంప్రెషన్: సూర్యోదయం’ అని పేరు పెట్టాడు. ఇంప్రెషన్ అంటే మనస్సుమీద పడిన ముద్ర. లూయీ లెరువా అనే విమర్శకుడు ఆ మాటను పట్టుకొని వీరందరినీ ‘ఇంప్రెషనిస్టులు’ అని ఎగతాళి చేశాడు. ఆ తిట్టే బిరుదయింది. ఆ ప్రదర్శనలో సిస్లీ చిత్రాలు కూడా ఉన్నవి. వీరి ఎనిమిది ప్రదర్శనలలోను నాలుగింటిలో, 1874, 1876, 1877, 1882 సంవత్సరాలలో, ఆయన పాల్గొన్నాడు.

ఇక వరద మాట. 1875లో సిస్లీ కుటుంబం మార్లీ-ల-రువా అనే ఊరికి చేరింది. పారిస్‌కు పడమరగా ఉన్న ఆ ఊరి దిగువన, సేన్ నది ఒడ్డున, పోర్-మార్లీ అనే చిన్న రేవుపల్లె ఉన్నది. ఒకప్పుడు పద్నాలుగో లూయీ రాజు తన వెర్సాయి తోటల ఫౌంటెన్లకు నీరెక్కించడానికి పెద్ద జలయంత్రం కట్టించినది ఆ ప్రాంతంలోనే. రాజు ఎంతో ఖర్చుచేసి కొండెక్కించిన ఆ నది, వాన ముదిరినప్పుడు మాత్రం ఎవరి ఆజ్ఞా లేకుండానే ఊళ్లోకి వచ్చేది. 1872లో ఒకసారి వస్తే సిస్లీ దానిని చిత్రించాడు. 1876 మార్చిలో మళ్లీ వచ్చింది. ఈసారి ఆయన ఇల్లు పిలిస్తే పలికేటంత దగ్గర. ఈజెలు తీసికొని దిగిపోయి, వరద పొంగినప్పటినుండి తీసేవరకు వేర్వేరు చోట్ల నిలబడి ఆరేడు చిత్రాలు వేశాడు. వాటిలో ఒకటి రువాన్ నగరపు చిత్రశాలలో ఉన్నది. అన్నిటిలోను పేరు పొందినది మేము చెప్పుతున్న పటం.

పటంలో ఎడమవైపున అంతస్తుల ఇల్లొకటి నిలబడి ఉన్నది. క్రింది భాగమే ద్రాక్షసారా అంగడి. దానికి సెంట్ నికొలస్ పేరు పెట్టారు. పడవవారికి, నావికులకు ఇలవేలుపువంటి మహాత్ముడాయన. ఆనాడు ఆ అంగడికి పోవాలంటే పడవే శరణ్యం. ఇంటి గోడల లేత వన్నెలు నీళ్లలో చెదిరి మెరుస్తుంటాయి. వాకిటి దగ్గర పడవలు, వాటిలో మనుష్యులు. కుడివైపున ఆకులు రాలిన చెట్లు నీటిలో నిలబడి, అక్కడ ఒకప్పుడు బాట ఉండేదని మాత్రం చెప్పుతుంటాయి. పైన విశాలమైన ఆకాశం. వాన వెలిసిన తరువాత చీలిన మబ్బులు, మధ్యలో నీలం. క్రింద నీటినిండా మళ్లీ అదే ఆకాశం. నీటిని అడ్డంగా వేసిన పొట్టి కుంచె దెబ్బలతోను, ఆకాశాన్ని వెడల్పయిన దెబ్బలతోను వేశాడు గనుక రెండూ ఒకే రంగులయినా ఒకటి కదలుతున్నట్లు, ఇంకొకటి తేలుతున్నట్లు కనిపిస్తాయి. తాను ఏ చిత్రాన్నయినా ఆకాశంతోనే మొదలుపెడతానని సిస్లీ తరువాతి కాలంలో తన మిత్రుడు, పత్రికా రచయిత అయిన తవెర్నియేకు వ్రాసిన లేఖలో చెప్పాడు. ఆకాశం అంటే చిత్రం వెనుక కట్టే తెర కాదని ఆయన అభిప్రాయం.

ఫ్రాన్సులో అంతకుముందు జలప్రళయాలను చిత్రించినవారు లేకపోలేదు. పదిహేడో శతాబ్దంలో పుస్సాన్ వేసిన ప్రళయంలో చీకటి, మెరుపు, మునిగిపోయే పడవ ఉంటాయి. 1806లో జిరోదే ప్రదర్శించిన ప్రళయంలో ఒక కుటుంబం మొత్తం కొండరాతినుండి విరిగిపోతున్న కొమ్మను పట్టుకొని వ్రేలాడుతుంటుంది. సిస్లీ వరదలో ఏడ్పు లేదు, ప్రార్థన లేదు, వీరుడు లేడు. అంగడి మునిగింది, అంగడివాడు పడవలో వచ్చాడు, మబ్బు విడిపోయింది, రేపో మాపో నీరు తీస్తుంది. వరదలున్న ఏటి ఒడ్డున కాపురముండేవారు వరదను చూచే తీరు ఇదే. భయపడి పారిపోయేవాడు కాదు, బండెక్కి వేడుక చూడవచ్చినవాడు కాదు, ఆ ఊరిలో నిత్యం తిరిగే మనిషి వేసిన పటమిది. ఫ్రెంచి నేల స్వభావాన్ని ఇంత నిదానంగా చూచినవానికి ఫ్రెంచి పౌరుడన్న కాగితం మాత్రం లేదు.

డబ్బు విషయం చెప్పుకొంటే కష్టంగా ఉంటుంది. 1875 మార్చిలో మోనే, రెన్వార్, సిస్లీ, బెర్త్ మోరిసో అనే చిత్రకారిణి కలిసి పారిస్‌లో తమ పటాలను వేలం వేయించారు. జనం గేలిచేశారు, ధరలు నేల కరచాయి. 1878లో సిస్లీ విమర్శకుడు ద్యురేకు ఒక లేఖ వ్రాశాడు. ఆరు నెలలపాటు నెలకు 500 ఫ్రాంకులు ఇచ్చేవారెవరైనా దొరికితే 30 పటాలిస్తానని అందులో సారాంశం. అనగా పటానికి నూరు ఫ్రాంకులు. వీరి చిత్రాలను కొని ఆదుకొంటున్న వర్తకుడు ద్యురాన్-రుయెల్ కూడా 1882లో బ్యాంకు కూలడంతో చిక్కులలో పడ్డాడు. కాలక్రమాన మోనే, రెన్వార్ ధనమూ కీర్తీ చూశారు. సిస్లీ చూడలేదు. 1897లో ఒక పెద్ద గాలరీలో ఆయన జీవితకాలపు కృషిలోనుండి 150 దాకా చిత్రాలు పెట్టి ప్రదర్శన జరిపితే, పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు, కొన్నవారూ లేరు.

అద్దెలు చవుక అని ఆయన 1880లో పారిస్‌కు దూరంగా మోరె ప్రాంతానికి తరలిపోయాడు. ల్వాన్ అనే చిన్న ఏటి ఒడ్డున ఉన్న పాత ఊరు మోరె. అక్కడి వంతెన, మరలు, పోప్లార్ చెట్లు ఆయన చేతిలో ఎన్నో పటాలయినవి. 1893, 1894లలో ఆ ఊరి చర్చినే ఎండలో, వానలో, ఉదయం, సాయంకాలం మళ్లీ మళ్లీ చిత్రించాడు. ఊరు ఆయనను ఎరుగును. ఆయన ఊరిని ఎరుగును. కాని తండ్రి ఇంగ్లీషు ప్రజ గనుక ఆయనా ఇంగ్లీషు ప్రజయే.

1897లో రువాన్ నగరపు వ్యాపారి దెపో ఖర్చు పెట్టుకొని ఆయనను వేల్సు దేశానికి పంపాడు. సముద్రపు ఒడ్డున కొన్ని మంచి చిత్రాలు వేయడంతోపాటు సిస్లీ మరొక పని కూడా చేశాడు. ఆగస్టు 5వ తేదీన కార్డిఫ్ నగరపు రిజిస్ట్రారు కచేరీలో, ముప్పైయేండ్లుగా తనతో కాపురం చేస్తున్న యూజెనీని చట్టప్రకారం పెండ్లాడాడు. అప్పటికి ఇద్దరికీ వయసు మీరింది, పిల్లలు పెద్దవారయినారు. ఎన్నో ఏండ్లుగా నడుస్తున్న సంసారానికి కాగితం అప్పుడు దొరికింది.

రెండవ కాగితం మాత్రం దొరకలేదు. 1898లో ఫ్రెంచి పౌరసత్వం కావలెనని దరఖాస్తు పెట్టుకొన్నాడు. దానిని త్రోసిపుచ్చారు. మళ్లీ పెట్టుకొన్నాడు. పోలీసువారి నివేదిక ఈసారి ఆయనకు అనుకూలంగానే వచ్చింది. అయితే అప్పటికే గొంతులో పుట్టకురుపు. ఆ అక్టోబరులో భార్య చనిపోయింది. కాలం సమీపించిందని తెలిసికొని సిస్లీ పాత మిత్రుడు మోనేను పిలిపించుకొని పిల్లలను అతనికి అప్పగించాడు. 1899 జనవరి 29న మోరెలో కన్నుమూశాడు. దరఖాస్తు దరఖాస్తుగానే ఉండిపోయింది.

మోనే మాట నిలబెట్టుకొన్నాడు. ఆ ఏడు మే 1వ తేదీన సిస్లీ పటాలతోపాటు తోటి చిత్రకారులు దానంగా ఇచ్చిన పటాలను కూడా చేర్చి, పిల్లల సహాయార్థం వేలం జరిపించారు. అంతవరకు సందేహించినవారు ఒక్కసారిగా ఎగబడ్డారు. మరుసటి ఏడు మార్చి 6న తవెర్నియే తన సేకరణను అమ్మినప్పుడు అందులో ఉన్న వరద పటం 43,000 ఫ్రాంకులు పలికింది. ఆరు నెలల తిండికోసం ఆయన 30 పటాలకు అడిగిన మొత్తం 3,000 ఫ్రాంకులు. ఒక్క పటం దానికి పద్నాలుగు రెట్లు దాటింది.

ఆ పటం కొన్నది ఇసాక్ ద కమోందో అనే ధనికుడు. ఈయనా వలసవాడే. 1851లో కాన్‌స్టాంటినోపిల్‌లో యూదుల బ్యాంకరు కుటుంబంలో పుట్టి, పారిస్‌కు వచ్చి స్థిరపడ్డాడు. తాను సేకరించిన చిత్రాలన్నీ ఫ్రాన్సు జాతికి చెందవలెనని మరణశాసనం వ్రాసి 1911లో చనిపోయాడు. ఆ విధంగా, ఫ్రాన్సు పౌరసత్వం ఇవ్వని చిత్రకారుని పటం, వలస వచ్చిన ఒక షాహుకారు చేతిమీదుగా లూవ్ర్ రాజప్రాసాదం చేరింది. తరువాత ఓర్సేకు మారింది. ఇసాక్ పినతండ్రి కుమారుడైన మొయీజ్ తన ఒక్క కొడుకును 1917లో ఫ్రాన్సు పక్షాన యుద్ధంలో పోగొట్టుకొని, అతని పేర తన భవనాన్ని, అందులోని కళాఖండాలను దేశానికి ఇచ్చివేశాడు. అటువంటి మొయీజ్ కూతురును, అల్లుని, ఇద్దరు మనుమలను రెండవ ప్రపంచయుద్ధంలో, జర్మన్ల ఆక్రమణ దినాలలో, యూదులన్న కారణాన పట్టి ఆష్విట్స్ మరణశిబిరానికి పంపారు. ఎవ్వరూ తిరిగి రాలేదు. ఇచ్చిన పటాలు గోడలమీద నిలిచాయి గాని ఇచ్చినవారి సంతతికి ఆ నేలమీద రక్షణ దొరకలేదు. వరద పటం చరిత్ర చెప్పేవారు ఈ మాట దాచి చెప్పడం న్యాయం కాదని మా అభిప్రాయం.

ఫ్రాన్సు కాగితాలతో మన తెలుగువారికి కూడా ఒకప్పుడు పని పడింది. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం, పద్దెనిమిదో శతాబ్దంనుండి నడుమ నడుమ విరామాలతో 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండినది. 1962 ఆగస్టులో అప్పగింత ఒడంబడిక అమలులోకి వచ్చినప్పుడు, అక్కడి ఫ్రెంచి ప్రజలు భారత పౌరులవుతారని, ఫ్రెంచివారుగానే ఉండదలచినవారు ఆరు నెలలలోగా వ్రాసి ఇచ్చుకోవలెనని నిర్ణయించారు. పుట్టిన ఊళ్లో కదలకుండా కూర్చొని, తెలుగే మాట్లాడుతూ, ఏ దేశపువారమని తేల్చుకోవలసి వచ్చిన కుటుంబాలు మనలోనే ఉన్నవి. సిస్లీకి కావలసి దొరకనిది వారికి కాలపరిమితితో ఎంపికగా వచ్చింది. ఎటు వ్రాసినా, ఏటి ఒడ్డు మాత్రం అదే.

నేటికీ గ్రంథాలలో సిస్లీని కొందరు ఇంగ్లీషు చిత్రకారుడంటారు, కొందరు ఫ్రెంచి చిత్రకారుడంటారు, ఎందుకైనా మంచిదని కొందరు రెండూ కలిపి వ్రాస్తారు. మేము పోర్-మార్లీ పటాన్నే సాక్ష్యంగా తీసికొంటాము. ఒక ఊరి నీటి రంగు మార్చిలో ఎట్లా ఉంటుందో, వాన వెలిసిన తరువాత ఏ గోడమీద ముందు వెలుగు పడుతుందో తెలిసినవాడు ఆ ఊరివాడే. “మీ ఊరేది?” అని మన పిల్లలను తరగతిలో, ఉద్యోగంలో అడిగేవారు ఇంకా ఉన్నారు. తాతల ఊరి పేరు చెప్పడం న్యాయమే. ఉన్న ఊరి పేరు చెప్పడానికి కూడా సందేహించనక్కరలేదు. అయితే ఆ హక్కు అక్కడ కాపురముండగానే దానంతట అది రాదు. ఊరిని తెలిసికోవలె.

కాబట్టి ఈ ఉగాదినాడు మన కుటుంబాలకు మేము చేసే మనవులు రెండు. మన పేటలలో, మగ్గాల వీధులలో, రేవులలో, రైలు కాలనీలలో బొమ్మలు వేసే పిల్లలుంటే, ఎన్నడూ చూడని కొండలు, కొబ్బరిచెట్లు వేయించడం మాని, తామున్న వీధినే ఎండలో ఒకసారి, వానలో ఒకసారి వేయమని చెప్పండి. మనలో చిత్రకారులు, రచయితలు, గాయకులు ఎవరైనా ఉంటే వారి వార్త సంతాపసభలో వినేదాకా ఆగక, ఈ సంవత్సరమే వారి పటమొకటి కొనండి, వారి కచేరీ ఒకటి పెట్టించండి. 180 ఫ్రాంకులయినా సరే, బ్రతికున్న మనిషి చేతికి అందితే ఆ పూట వంట అవుతుంది.